పిట్టకో పంచాంగం

కాకి పాటపిట్ట. కోకిల కాదు. ఉగాది కవిసమ్మేళనంలో ఈ మాటంటే చేతిలో మైకు లాగేసుకుంటారు గానీ, పక్షిశాస్త్రం లెక్క అదే. ప్రపంచంలోని పదివేల పైచిలుకు పక్షి జాతుల్లో దాదాపు సగాన్ని పాటపిట్టలు అనే ఒకే వర్గంలో పెట్టారు. గొంతులో కండరాల అమరిక, ఇంకొన్ని శరీర లక్షణాలు చూసి చేసిన విభజన ఇది. మన చెవికి తీయగా ఉందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. అందుకే కాకి, గోరింక, పిచ్చుక, పిగిలిపిట్ట, తేనెపిట్ట, గిజిగాడు అటు చేరాయి. కోకిల, కంసాలిపిట్ట, లకుముకి, పాలపిట్ట ఇటు మిగిలాయి.

ఈ విభజనతో మనకేం పని అంటే, ఉంది. పాటపిట్టలు పాట నేర్చుకుంటాయి. గూట్లో ఉన్నప్పుడూ, గూడు వదిలాకా పెద్దవాటి పాట వింటాయి, గుర్తుపెట్టుకుంటాయి, తర్వాత తమ గొంతుతో సాధన చేసి సరిచేసుకుంటాయి. 1950లలో కేంబ్రిడ్జ్‌లో డబ్ల్యూ.హెచ్. థోర్ప్ అనే శాస్త్రవేత్త చాఫించ్ అనే చిన్న పాటపిట్ట పిల్లల్ని పెద్ద పిట్టల పాట వినపడకుండా పెంచి చూశాడు. అవి పెద్దయ్యాక ఏదో పాడాయి గానీ అది మరీ సాదాగా, వాటి జాతి పాటలోని వరసలు లేకుండా ఉంది. కోకిల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అది కాకి గూట్లో పుడుతుంది, కాకి పెట్టిన తిండి తింటుంది, చుట్టూ కావ్ కావ్ తప్ప ఇంకో మాట వినదు. అయినా పెద్దయ్యాక కూ అనే అంటుంది. దాని కూత నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. కోకిలకు కాకి దగ్గర నేర్చుకునే గుణమే ఉండుంటే మన ప్రబంధ కవులు వేరే పిట్టను వెతుక్కోవాల్సి వచ్చేది.

మావిచిగురు తిని కోకిల గొంతు విప్పుతుందన్నది కూడా కవుల మాటే. అది ఎక్కువగా తినేది పళ్లు. రావి, మర్రి, జువ్వి, ఎండాకాలంలో వేపపళ్లు, వాటితో పాటు గొంగళిపురుగులు. మామిడి చిగురు, కోకిల కూత ఒకే రోజుల్లో రావడం నిజం. కానీ ఒకటి రెండోదానికి కారణం కాదు. కోకిల అసలు కన్ను కాకి మీద ఉంటుంది. కాకి గూడు కట్టి గుడ్లు పెట్టేది ఎండలు ముదిరాక. ఈ లోపల మగ కోకిల తన చోటు ఖాయం చేసుకోవాలి, జత కుదుర్చుకోవాలి. మాఘంలో అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలైన కూత, చైత్రానికి తోటంతా నిండి, వైశాఖంలో రాత్రి రెండింటికి కూడా నిద్ర చెడగొట్టే స్థాయికి వెళ్లడానికి కారణం అదే. కూసేది ఎర్ర కళ్ల నల్ల మగది. ఆడకోకిల గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ కిక్ అని గబగబా అరుస్తుంది. ఆ అరుపు విన్నవాళ్లు చాలామంది అది వేరే పిట్ట అనుకుంటారు. చలికాలంలో కోకిల ఎటో వెళ్లిపోతుందనుకోవడం కూడా ఇలాంటిదే. చాలావరకు ఇక్కడే, ఇదే తోటలో ఉంటుంది. పని లేదు కాబట్టి నోరు మెదపదు.

సరే, పని మొదలైందని పిట్టకు ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు కావాలంటే గోదావరి జిల్లాల్లో అనపర్తి వైపో తణుకు వైపో రాత్రిపూట వెళ్లండి. కోళ్ల ఫారాల్లో చీకటి పడ్డాక కూడా లైట్లు వెలుగుతుంటాయి. గుడ్ల కోళ్లకు రోజుకు పదహారు గంటల వెలుతురు ఉండేలా చూస్తారు. పగలు పొడుగైందని కోడి ఒళ్లు అనుకుంటే గుడ్లు ఆగకుండా పెడుతుంది. అడవి పిట్టల ఒంట్లోనూ ఇదే ఏర్పాటు. 1920లలో కెనడాలో విలియం రోవన్, జుంకో అనే చిన్న పిట్టలకు గడ్డకట్టే చలికాలంలో కరెంటు లైట్లతో పగలు పెంచి, వాటి ఒంట్లో వసంతం తెప్పించాడు. చలి అలాగే ఉంది, తిండి అంతే, మారింది వెలుతురు ఒక్కటే. 1930లలో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా బాతుల మీద చేసిన ప్రయోగాలు ఇంకో వింత బయటపెట్టాయి. కళ్లు లేకపోయినా బాతులు పగటి పొడవును పసిగట్టాయి. పిట్ట పుర్రె పల్చన. వెలుతురు దాన్ని దాటుకుని మెదడు లోపలికి వెళ్తుంది, అక్కడ దాన్ని గుర్తించే కణాలు ఉన్నాయి. వాటి నుంచి హార్మోన్లకు కబురు వెళ్తుంది. చలికాలమంతా ముడుచుకుపోయి ఉన్న బీజకోశాలు కొన్ని వందల రెట్లు పెరుగుతాయి. చాలా పాటపిట్టల్లో పాటకు సంబంధించిన మెదడు భాగాలు కూడా ఆ రోజుల్లో పెద్దవై, సీజన్ అయ్యాక మళ్లీ చిన్నవవుతాయి. కేనరీ పిట్టల్లో ఈ సంగతిని 1981లో ఫెర్నాండో నాటెబోమ్ చూపించాడు. ఎదిగిన మెదడు ఇక మారదని గట్టిగా నమ్మే రోజుల్లో అది పెద్ద మాట.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. పుస్తకాల్లో కనిపించే ఈ వివరణ చాలావరకు చలిదేశాల్లో పుట్టింది. లండన్‌లో అతి పొడుగు పగటికీ అతి చిన్న పగటికీ దాదాపు తొమ్మిది గంటల తేడా. గోదావరి డెల్టా పదహారు పదిహేడు డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, ఇక్కడ ఆ తేడా రెండు గంటలే. మాఘం నుంచి చైత్రానికి పగలు పెరిగేది గంటలోపు. ఇంత చిన్న తేడాను పిట్ట పట్టగలదా? పట్టగలదు. భూమధ్యరేఖకు మనకంటే దగ్గరగా ఉన్న పనామా అడవుల్లో, చీమల దండుల వెంట తిరిగే ఒక చిన్న పిట్ట, పన్నెండు గంటల పగటికి పదిహేడు నిమిషాలు కలిపితేనే పాట పెంచి, జతకు సిద్ధమైందని 1998లో తేలింది. ఉత్తరాది పిట్టల కంటే మన వైపు పిట్టల గడియారం ఏమీ మొద్దుది కాదు.

కాకపోతే వెలుతురు సిద్ధం చేస్తుంది, ముహూర్తం మాత్రం వేరేది పెడుతుంది. పిల్లల నోట్లో పెట్టడానికి ఏం దొరుకుతుంది, ఎప్పుడు దొరుకుతుంది అన్నదే అసలు లెక్క. డెల్టాలో ఆ లెక్క రుతువుల మీద ఎంత ఆధారపడిందో కాలువల మీద కూడా అంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఇక్కడ నీళ్లు వానతో పాటు లాకుల మాట కూడా వింటున్నాయి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, తొలకరికి మళ్లీ వదులుతారు. ఆ మధ్యలో కాలువ అడుగున మిగిలిన మడుగుల్లో చేపలు ఇరుక్కుంటాయి, కోసిన చేలో పురుగులు బయటపడతాయి, సార్వా, అంటే తొలి పంట, ఊడ్పులప్పుడు నత్తలు, కప్పలు, పీతలు వస్తాయి. ఒక్కో పిట్టకు ఒక్కో తిండి. అందుకే ఒక్కో పిట్టకు ఒక్కో పంచాంగం. మనం వసంతం అని ఒక్క మాటలో అనే రోజుల్లో కొన్ని పిట్టలు సంసారం మొదలుపెడుతుంటాయి, కొన్ని పిల్లల్ని ఎగరేసి చేతులు దులుపుకుని ఉంటాయి, కొన్ని ఊరు వదిలి పోతుంటాయి, కొన్ని ఇంకా తలుపే తెరవవు. పొద్దున్నే తోటలో వినిపించే గోలలో ఇవన్నీ కలిసిపోయి ఉంటాయి. విడదీసి వినాలంటే, ఆ గొంతు ఎవరిదని అడిగే ముందు అది ఏ పని మీద ఉందని అడగడం మేలు.

కోనసీమ కొబ్బరితోటలో సంసారం మొదలుపెట్టినవాళ్లలో నాకు మొదట చెప్పాలనిపించేది పెద్ద నల్లంచి. పైన నలుపు, కింద తెలుపు, రెక్క మీద తెల్లచార, ఎప్పుడూ నిక్కబొడిచిన తోక. చలికాలమంతా పొదల కింద గునుస్తూ, కర్రుమని ఒక మొరటు శబ్దం చేస్తూ తిరుగుతుంది. ఫాల్గుణం వచ్చేసరికి ఏ డాబా పిట్టగోడ మీదో, కరెంటు స్తంభం మీదో అన్నిటికంటే ఎత్తైన చోటు చూసుకుని పాట ఎత్తుకుంటుంది. ఒక వరస పాడి ఆగి, రెండోసారి దాన్నే కొంచెం మార్చి పాడుతుంది. మధ్యలో వేరే పిట్టల గొంతులు కూడా దూరుస్తుంది. తెల్లవారకముందే మొదలుపెట్టి, ఎదురింటి కొబ్బరిచెట్టు మీద ఇంకో మగది జవాబిస్తే ఇద్దరూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు చాలాసేపు లాగిస్తారు. మనకు కచేరీ. వాటికి సరిహద్దు తగాదా. కోకిల పాట మీద చెలరేగినన్ని పద్యాల్లో పదో వంతు దీని మీద వచ్చినా బావుండేదని నా ఫిర్యాదు.

పిట్టల గొంతులో ఇన్ని వంకరలు ఎలా పలుకుతాయంటే, వాటి స్వరపేటిక మనకున్న చోట ఉండదు. శ్వాసనాళం కిందికి దిగి రెండు ఊపిరితిత్తుల వైపు చీలే చోట ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని శబ్దిని అన్నారు. రెండు పాయల్లో రెండు వైపులా ధ్వని పుట్టించే పొరలున్నాయి. పాటపిట్టల్లో చాలావాటికి ఎడమవైపు ఒక స్వరం, కుడివైపు ఇంకో స్వరం ఒకేసారి పలికించే వీలుంది. కాకికీ ఈ సరంజామా అంతా ఉంది. వాడుకునే తీరు వేరు.

పాడేది మగపిట్టే అన్న మాటను కూడా కాస్త సవరించుకోవాలి. 2014లో ప్రపంచవ్యాప్తంగా సమాచారం దొరికిన పాటపిట్టల జాతుల్ని పరిశీలిస్తే 71 శాతం జాతుల్లో ఆడవి కూడా పాడుతున్నాయని తేలింది. ఈ వర్గపు పూర్వీకుల్లో ఆడా మగా ఇద్దరూ పాడేవాళ్లని ఆ పరిశీలన చెప్పింది. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో చుట్టూ ఎక్కువగా మగవే పాడుతుంటే అదే ప్రపంచ రివాజు అని రాసేసుకున్నారు, మనం పాఠాల్లో అదే చదువుకున్నాం.

రంగు మార్చేది తేనెపిట్ట. మగది చలికాలంలో మామూలు మట్టిరంగు వేసుకుని, గొంతు మీద ఒక్క నల్లచారతో ఉంటుంది. మాఘ ఫాల్గుణాల్లో ఈకలు మారి, ఎండ పడితే ఊదా నీలం మెరిసే నల్లరంగుకు వస్తుంది. కడియం నర్సరీల్లో పొద్దున పూట నిలబడితే పూల మీద వీటి చీకు చీకు వినకుండా ఉండటం కష్టం. అక్కడే, అరచేతి వెడల్పు ఆకులున్న మొక్కల మధ్య, దర్జీ పిట్ట ఆకు అంచులు సాలెగూటి దారంతో, దూదితో కలిపి కుట్టుకుని గూడు పెడుతుంది. ఒళ్లు పది గ్రాములు తూగదు, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది.

పాటపిట్టలు కానివాళ్లూ ఇదే పని మీద ఉంటారు, పద్ధతి వేరు. కంసాలిపిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా టుక్ టుక్ టుక్ అని ఒకే లయలో కొడుతూనే ఉంటుంది. కొట్టేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒకసారి మర్రిచెట్టు నుంచి, ఇంకోసారి పక్క గోడ నుంచి వచ్చినట్టుంటుంది. ఆకుల్లో ఆకులా ఉండే ఆ పచ్చ పిట్టను వెతకడం ఓపికకు పరీక్షే. జెముడుకాకి గట్టు మీద పొదల్లోంచి ఊప్ ఊప్ అని లోతుగా కూస్తుంది. గొంతు ఎంత కిందిస్థాయిలో ఉంటే గుబురు ఆకుల్లో అంత దూరం పోతుంది, పొదల్లో బతికేదానికి అదే తగినది. ఆడా మగా జంటగా కూసేటప్పుడు ఆడదాని గొంతే ఇంకా బొంగురు. ఇది కోకిల కుటుంబానిదే, కానీ తన గూడు తానే కట్టుకుంటుంది. ఇక పాలపిట్ట గొంతు గురించి మంచిమాట చెప్పడం కష్టం. అది ఆ లోటును గాలిలో తీర్చుకుంటుంది. పైకి ఎగిరి, రెక్కలు మడిచి, నీలాలన్నీ చూపిస్తూ దొర్లుకుంటూ కిందికి పడుతుంది. దసరాకు దాని దర్శనం కోసం పొలం గట్లు తిరిగేవాళ్లు, చైత్రంలో ఒకసారి చూడాలి.

తీతువు పిట్ట మీద మాత్రం కొంచెం ఆగాలి. రాత్రి అది ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఎవరికో మూడిందని మన ఊళ్లలో ఇప్పటికీ గుండె రాయి చేసుకుంటారు. ఆ అరుపు నిజంగానే భయంతో పుట్టిందే, కాకపోతే భయం దానిది. తీతువు చెట్టెక్కదు. నేల మీద చిన్న గుంట చేసి, నాలుగు రాళ్ల మధ్య రాళ్లలా కనిపించే గుడ్లు పెడుతుంది. మార్చి నుంచి ఆగస్టు దాకా అదే కాలం. కోసిన చేలు, ఎండిన చెరువు గర్భాలు, చేపల చెరువుల గట్లు దాని ఊళ్లు. అటుగా కుక్క వచ్చినా, నక్క వచ్చినా, నీళ్లు కట్టడానికి రైతు టార్చి వేసుకుని వచ్చినా లేచి మీద తిరుగుతూ అరుస్తుంది. రాత్రుళ్లూ మెలకువగా ఉండే పిట్ట కాబట్టి మనకు రాత్రే ఎక్కువ వినిపిస్తుంది. మే నెల ఎండలో గుడ్లు ఉడికిపోకుండా పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి వాటి మీద కూర్చుంటుంది. అపశకునం అని దాన్ని రాయిపెట్టి కొట్టేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి.

ఊరు వదిలిపోయేవాళ్ల సందడి వేరు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో, గౌతమి సముద్రంలో కలిసే చోట బురద మైదానాల్లో చలికాలమంతా ఉల్లంకి పిట్టలు, కర్ల్యూలు, శాండ్ ప్లోవర్లు లాంటి బురదలో మేసే వలస పిట్టలు గుంపులుగా తింటూ ఉంటాయి. అప్పుడు అన్నీ బూడిదరంగే, ఏది ఏదో తేల్చుకోలేక కొత్తవాళ్లకు తల తిరుగుతుంది. మార్చి చివర వెళ్తే పని తేలిక. ప్రయాణానికి ముందే పెళ్లిబట్టలు వేసుకోవడం మొదలవుతుంది. శాండ్ ప్లోవర్ రొమ్ము కాషాయం తేలుతుంది, కర్ల్యూ శాండ్‌పైపర్ ఇటుకరంగుకు తిరుగుతుంది. అది వెళ్లేది సైబీరియా ఉత్తరపు అంచున మంచు కరిగే నేలలకు. అంత దూరానికి ఇంధనం ఈ బురదలో దొరికే పురుగులు, చిన్న పీతలే. ఒంట్లో కొవ్వు పట్టించుకుని గాని కదలవు. ఊళ్ల వైపు గులాబీ గోరింకలు బూరుగుపూల మీద మూగి, సంతలా గోల చేసి, మధ్య ఆసియా గడ్డిమైదానాలకు పోతాయి. పొదల్లో తిరిగే రీడ్ వార్బ్లర్ లాంటి చిన్న వలస పిట్టలు వెళ్లే ముందు గొంతు లోపలే సన్నగా పాడుకోవడం వినొచ్చు. పాడాల్సిన చోటు ఇది కాదు, కానీ ఒంట్లో హార్మోన్లు అప్పటికే బయల్దేరాయి.

కొల్లేటి పంచాంగం దీనికి ముందే నడుస్తుంది. ఆటపాక దగ్గర గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు శీతాకాలంలోనే గూళ్లు పెట్టి పిల్లల్ని సాకుతాయి. మనం ఉగాది పచ్చడి కలిపేసరికి వాటి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. కొంగల్లో ఇంకో విశేషం ఉంది. నత్తల్ని తినే చిల్లుముక్కు కొంగకు, ఎర్రకాళ్ల కొంగకు గొంతు దాదాపు లేదు. శబ్దినికి తగిన కండరాలు లేవు. ప్రేమైనా కోపమైనా ముక్కులు టకటక కొట్టి చెప్పుకుంటాయి. అటు చివర గిజిగాడు ఉంది. చైత్రంలో దాన్ని వెతకడం దండగ, మగది కూడా అప్పటికి పిచ్చుకలాగే చప్పగా ఉంటుంది. తొలకరి పడి, వరి పచ్చబడి, చీల్చుకోవడానికి లేత ఆకులు దొరికాక తల మీద పసుపురంగు తెచ్చుకుని, కాలువ మీదికి వంగిన తాటిమట్టలకు గూడు వేలాడదీసి, దానికింద రెక్కలు కొట్టుకుంటూ కీచుమంటుంది. దాని వసంతం ఆషాఢ శ్రావణాలు. తెల్లకొంగల వసంతమూ ఇంచుమించు అదే.

వేకువ గోలకు ఒకే కారణం చెప్పడం కుదరదు. ఆ వేళ గాలి నిలకడగా ఉంటుంది, గొంతు చెదరకుండా పోతుంది. పురుగు కనిపించేంత వెలుతురు ఇంకా లేదు కాబట్టి తిండికి పోయినా లాభం లేదు. రాత్రి బతికి బయటపడ్డాను, ఈ చోటు ఇంకా నాదే అని పక్కవాడికి చెప్పాల్సిన అవసరమూ అప్పుడే. కళ్లు పెద్దగా ఉన్న జాతులు ముందు మొదలుపెడతాయని గమనించారు, మసక వెలుతురులో వాటికి బాగా కనిపిస్తుంది గనక. మన వైపు చీకటి ఉండగానే పసులపోలిగాడు, పెద్ద నల్లంచి వినిపిస్తాయి. పిగిలిపిట్టలు, గోరింకలు తర్వాత కలుస్తాయి. ఎండ ఎక్కేసరికి మిగిలేది కంసాలిపిట్టే.

2020 లాక్‌డౌన్‌లో పిట్టలు గట్టిగా పాడుతున్నాయని అందరం అనుకున్నాం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పిచ్చుక జాతి పాటను అంతకుముందు రికార్డులతో పోల్చి చూస్తే జరిగింది దానికి ఎదురు. రోడ్ల రొద తగ్గేసరికి పిట్టలు గొంతు తగ్గించాయి, అయినా పాట దాదాపు రెట్టింపు దూరం పోయింది. మిగతా ఏళ్లన్నీ అవి అరిచి చెప్పుకుంటున్నాయన్న మాట. ఏప్రిల్‌లో రాత్రంతా డీజే పెట్టే జాతరల పక్క తోటలో ఆ పెద్ద నల్లంచి పరిస్థితి ఏమిటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

వినడం మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇప్పుడు ఫోన్లో మెర్లిన్ లాంటి యాప్ ఉంది, గొంతు వినిపిస్తే పేరు చెబుతుంది. అప్పుడప్పుడు తప్పు చెబుతుంది కాబట్టి పిట్టను కంటితో చూశాకే నమ్మాలి. అదే ఫోన్లో రికార్డు చేసిన పాట గట్టిగా పెట్టి పిట్టను దగ్గరికి రప్పించే అలవాటు మాత్రం ఈ నెలల్లో మానేయాలి. మగది శత్రువు వచ్చాడనుకుని గూడు, గుడ్లు వదిలి వస్తుంది, ఆ కాసేపట్లో కాకి తన పని కానిచ్చేస్తుంది. కోరింగకు వెళ్లేవాళ్లు పోటు, పాటు వేళలు పల్లెకారులను అడిగి వెళ్లాలి. పోటు మీద ఉంటే బురద కనిపించదు, పిట్టలూ ఉండవు. పాటు మొదలై నేల తేలుతున్నప్పుడు అవి ఒడ్డుకు దగ్గరగా మేస్తాయి. ఇక కొబ్బరితోట ఉన్నవాళ్లకు ఒక మాట. తల పోయిన మోడును వెంటనే కొట్టించకండి. దాని తొర్రలో రామచిలుకలో, గోరింకలో, గుడ్లగూబలో కాపురం ఉంటాయి. చిలుక పిల్లల్ని పంజరాల కోసం తీసేది కూడా ఈ రోజుల్లోనే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మోడు మీద పడుతుందన్న భయం లేని చోట జ్యేష్ఠం దాకా ఉంచితే చాలు, ఆపాటికి చాలావరకు పిల్లలు ఎగిరిపోతాయి.